ఇష్టాల ధ్రువపత్రం

మనుషులకు ఇష్టాలుంటాయన్న సంగతి ప్రభుత్వానికి తెలియనంత కాలం మా జిల్లాలో జనం ఇష్టమొచ్చినట్టు బతికారు. ఆ తెలియకపోవడం ఎంత అదృష్టమో అప్పట్లో ఎవరికీ అర్థం కాలేదు.

మాది అంతకుముందు వాలీబాల్ నెట్లు పంచే ఆఫీసు. నెట్లు ఎప్పుడూ వచ్చేవి కావు కాబట్టి పంచే బాధ ఉండేది కాదు. సీనియర్ అసిస్టెంటుగా నేను పదకొండేళ్లు అక్కడ ప్రశాంతంగా కూర్చున్నాను. ఇంతలో రాజధానిలో ఒక సదస్సు జరిగింది. అందులో ఒక పెద్దమనిషి లేచి, నేటి యువత ఫోనులో ఏం చూస్తోంది, ఏం తింటోంది, ఏం మానేస్తోంది, అందులోనే రేపటి దేశం దాగి ఉందన్నాడు. చప్పట్లు మోగాయి. దేశమంతటిదీ అక్కడ దాక్కుని ఉంటే ప్రభుత్వం చూస్తూ ఊరుకోలేదు కదా. నెల తిరక్కుండా జీవో వచ్చింది. మా బోర్డు మీద ‘వాలీబాల్’ అన్న మాట చెరిపేసి ‘యువజన అభిరుచుల పరిశీలనా కార్యాలయం’ అని రాయించారు.

జీవో చదివితే విషయం చిన్నదే. ‘ప్రభుత్వ సేవలో నూతనముగా చేరబోవు ప్రతి అభ్యర్థి తన ఇష్టములను, జీవనశైలిని సాక్ష్యాధారములతో ప్రకటించి, అవి నిజమైనవనియు, నిలకడ గలవనియు సంబంధిత కార్యాలయము నుండి ధ్రువపత్రము పొందవలెను.’ అంతే. దానికి పద్నాలుగు గడుల దరఖాస్తు. తొమ్మిదో గడిలో ఇష్టములు, పదో గడిలో మానివేసినవి, పదకొండో గడిలో మానివేయుటకు గల కారణములు.

మా డిప్యూటీ డైరెక్టరు, అంటే మా డి.డి., ముక్తేశ్వరరావు గారు ఆ రోజే స్టాఫ్ మీటింగు పెట్టారు. ఆయన మామూలుగా మాట్లాడటం నేనెప్పుడూ వినలేదు. భోజనానికి వెళ్తున్నా ‘భోజనార్థం బయలుదేరుచున్నాను’ అన్నట్టే ఉంటుంది ముఖం.

“పోలీసు విచారణలో అభ్యర్థి దొంగా కాదా అన్నది తేలుతుంది. దొంగ కానంత మాత్రాన సదభిరుచి గలవాడని నిర్ధారణ కాదు. అభిరుచి అనునది జాతీయ సంపద. సంపద విషయంలో అజాగ్రత్త తగదు. మొదటి కేసు మన జిల్లా నుంచే రావాలి, అది రాష్ట్రానికే ఆదర్శం కావాలి” అన్నారు.

ఆదర్శం కావడానికి ఎవరో ఒకరు బలి కావాలి కదా. నాలుగో రోజున కుడుపూడి లిఖిత వచ్చింది.

ఇరవై నాలుగేళ్ల పిల్ల. జిల్లా గ్రంథాలయంలో లైబ్రేరియన్ ఉద్యోగానికి పరీక్ష రాసి జిల్లాకే మొదటి మార్కు తెచ్చుకుంది. చేతిలో నియామక ఉత్తర్వు ఉంది. ఉత్తర్వు తారీఖు నుంచి ముప్పై రోజుల్లోగా ధ్రువపత్రంతో సహా చేరాలి, చేరకపోతే ఆ ఉద్యోగం జాబితాలో తర్వాతివాళ్లకు పోతుంది. అప్పటికి మూడు రోజులు అయిపోయాయి. దేవుడు వరమిచ్చినా పూజారి వరమివ్వడంటారే, ఆ పూజారిని నేనే.

“తొమ్మిదో గడిలో ఏం రాయాలండీ?” అని అడిగింది.

“నీకు ఏవిష్టమో అవే రాయమ్మా.”

“నిజంగా ఇష్టమైనవేనాండీ?”

“ప్రభుత్వానికి అబద్ధం చెప్పకూడదు” అన్నాను. ఈ మాట నేను అన్నందుకు నన్ను ఎవరైనా తిట్టినా పడతాను.

పిల్ల ముఖం విప్పారింది. ఇన్నాళ్లకు ప్రభుత్వం తన ఇష్టాలేమిటని అడిగిందని మురిసిపోయి, గడిలో తన ఇంటర్నెట్ పేజీ చిరునామా రాసిచ్చింది. మూడేళ్ల నుంచి ప్రతి ఆదివారం ‘ఈ వారం దొరికినవి’ అని అందులో రాస్తోందట. ఇంటర్నెట్లో తను చూసి ముచ్చటపడినవి నాలుగు, తన బతుకులో తను మార్చుకున్నది ఒకటి. అంతా కలిపి నూట యాభై పైచిలుకు ఆదివారాలు.

మా ఆఫీసు కంప్యూటరులో జీతాల బిల్లులు పంపడానికి తప్ప ఇంకే పేజీ తెరుచుకోదు. ఆధారాలు ఫైల్లో ఉండాలి కాబట్టి, పేజీలన్నీ బయట జిరాక్సు షాపులో ప్రింటు తీయించాం. పదకొండు వందల కాగితాలు తేలాయి. మూడు కట్టలు కట్టాం. ప్రతి కాగితం మీద ‘ట్రూ కాపీ’ అని ముద్ర వేసి నేను సంతకం పెట్టాలి. రెండు రోజులు పట్టింది. నిజానికి ఒక్కరోజు పని. సంతకాలు పెడుతూ చదవడం మొదలెట్టాను.

చెప్పుకోవడానికి మొహమాటమే కానీ, చాలా బాగుంది. ప్రపంచ పటం మీద ఎక్కడ వేలు పెడితే అక్కడి పక్షులు తెల్లవారుజామున ఎలా కూస్తాయో వినిపించే పేజీ గురించి రాసింది. పాత రైల్వే స్టేషన్ల పేరు పలకలు ఫొటోలు తీసి పెట్టుకునే ఒక రిటైర్డ్ పోస్టుమాస్టరు గురించి రాసింది. చిరిగిన పట్టుచీరకు అతుకు తెలియకుండా రఫ్ఫు చేసే ఒక ముసలమ్మ వీడియో చూసి, తన పాత చుడీదారుకు తనే రఫ్ఫు చేసుకుని, అది అష్టవంకర్లు పోయిందని రాసింది. నాకు యాభై ఏడేళ్లు. నా ఇష్టాలేమిటని నన్నెవరూ అడగలేదు, నన్ను నేనూ అడగలేదు. ఆ కట్టలు చదువుతుంటే ఇన్నేళ్లూ ఏం చేశానా అనిపించింది.

ఏడో రోజున కట్టలు డి.డి. గారి బల్ల మీదకు చేరాయి.

“శేషావతారం గారూ, ఈ నీలిరంగు గీతలేమిటి?”

“లింకులండి. వాటిని నొక్కితే ఆమె చెప్పిన పేజీ తెరుచుకుంటుందండి.”

ఆయన బొటనవేలితో కాగితం మీద నొక్కారు. కొంచెం గట్టిగా మళ్లీ నొక్కారు.

“తెరుచుకోవడం లేదే?”

“కాగితం మీద తెరుచుకోవండి.”

“అయితే నోట్ ఫైల్లో రాయండి. అభ్యర్థి సమర్పించిన ఆధారములు తెరుచుకొనుట లేదు.”

ప్రింట్లు తీసింది మనమే కదండీ అన్నాను. అది వేరే విషయమన్నారు. లిఖిత తన ఫోనులో తెరిచి చూపిస్తానంది. ప్రైవేటు ఫోనులో కనపడినది రికార్డు కాదన్నారు. చివరికి, తెరుచుకోని నీలిగీతలు మొత్తం ఆరు వందల పన్నెండు, ఒక్కొక్కటి ఏ మండలంలో ఉన్నదో తెలిపి, సంబంధిత తహసీల్దారు ధ్రువీకరణ జతపరచవలెనని మొదటి మెమో వెళ్లింది. పక్షులు కూసే ఆ పేజీ ఏ మండలం కిందికి వస్తుందో తెలియజేయాలని మేమే స్వయంగా నలుగురు తహసీల్దార్లకు లేఖలు రాశాం. ముగ్గురు జవాబివ్వలేదు. ఒకాయన మాత్రం తమ పరిధిలో అట్టి పక్షులు లేవని వెంటనే రాశాడు. ఆయన సమర్థత గురించి మా డి.డి. గారు వారం రోజులు చెప్పుకున్నారు.

పన్నెండో రోజున అసలు నేరం బయటపడింది. మొదటి కట్టలో ‘కాఫీ మానేశాను’ అని ఉంది. మూడో కట్టలో ‘వర్షం రోజున అమ్మ చేసే కాఫీ ముందు ఏదైనా దిగదుడుపే’ అని ఉంది.

“నిలకడ!” అన్నారు డి.డి. గారు, లాటరీ తగిలినంత సంబరంగా. “జీవోలో నిలకడ అన్న పదం ఊరికే వేయలేదు. ఇష్టం మార్చుకోవడానికి ముందస్తు అనుమతి ఎందుకు పొందలేదో మూడు రోజుల్లో సంజాయిషీ అడగండి.”

ఆమె కాఫీ మానేసిన నాటికి అనుమతివ్వడానికి మా ఆఫీసే లేదని గుర్తు చేశాను. లేని ఆఫీసు అనుమతి తీసుకోకపోవడం ఇంకా పెద్ద నిర్లక్ష్యమన్నారు.

లిఖిత సంజాయిషీ మూడు వాక్యాలు. ‘అప్పుడు కడుపులో మంట వచ్చేది, మానేశాను. తర్వాత తగ్గింది, తాగాను. ఇందులో ఎవరికీ నష్టం లేదనుకుంటున్నాను.’ దాని కింద డి.డి. గారు ఎర్ర సిరాతో ‘జవాబు అసంతృప్తికరం. భాషలో వినయము కొరవడినది’ అని రాసి, క్షేత్రస్థాయి విచారణకు ఆదేశించారు.

క్షేత్రస్థాయి అంటే రాంపండు. గుత్తుల రాంపండు మా అభిరుచుల ఇన్‌స్పెక్టరు. నెట్లు పంచే రోజుల్లో వాలీబాల్లో గాలి ఉందో లేదో నొక్కి చూసేవాడు. ఇప్పుడు మనుషుల్ని చూస్తున్నాడు. పని పెద్దగా మారలేదు.

పొద్దున్న ఎనిమిదింటి దాకా తను ఫోను ముట్టుకోనని లిఖిత ఒక ఆదివారం రాసింది. అది నిజమో కాదో తేల్చడానికి రాంపండు ఆరుంపావుకే వాళ్ల వీధి చివర నిలబడి ఆమె ఫోనుకు కాల్ చేశాడు. ఎత్తలేదు. మళ్లీ చేశాడు. ఎత్తలేదు. తొమ్మిదిసార్లు చేసి, ‘అభ్యర్థి ఫోను ఎత్తక విచారణకు సహకరించలేదు’ అని రాసుకున్నాడు.

“ఎత్తితే ఏం రాసేవాడివయ్యా?” అని అడిగాను.

“ఎత్తితే రాసింది అబద్ధం అయిపోద్ది కదండి! అప్పుడు అదే రాసేవోణ్ణి” అన్నాడు ఎంతో న్యాయంగా.

కరవమంటే కప్పకు కోపం, విడవమంటే పాముకు కోపం అన్నట్టుంది ఆ పిల్ల పని. ఆ తర్వాత రాంపండు ఇంట్లోకి వెళ్లాడు. సైకిలు చూశాడు, బెల్లు కొట్టి చూశాడు. లిఖిత తల్లి వీరవేణి గారు కుట్టుమిషను ముందు నుంచి లేచి కుర్చీ వేసింది.

“మీ అమ్మాయి సైకిలు ఇష్టమై తొక్కుతుందాండి, గతిలేక తొక్కుతుందాండి?” అని అడిగాడు.

“అదేం మాటండీ బాబూ! ఊళ్లోకెళ్లాలంటే తొక్కుద్ది. గాలి తగులుద్దని సరదా కూడానండి.”

“అలా రెండూ అంటే కుదరదండి. ఒకటి చెప్పాలండి.”

ఈ సమస్య మా ఆఫీసులో రెండు రోజులు నలిగింది. చివరికి డి.డి. గారు ఒక సూత్రం కనిపెట్టారు. స్థోమత ఉండి సైకిలు తొక్కితే అది జీవనశైలి. లేక తొక్కితే అది పేదరికం, పేదరికం మన శాఖ కాదు. కాబట్టి సైకిలు ఇష్టమని నిరూపించుకోవడానికి ఆదాయ ధ్రువపత్రం, దానికి మళ్లీ దరఖాస్తు. అదే పద్ధతిలో రాగిజావ ఇష్టమా లేక బియ్యం లేవా, నాలుగేళ్లుగా ఒకే సంచి వాడటం పర్యావరణమా లేక పిసినారితనమా అని మరో రెండు మెమోలు.

పంతొమ్మిదో రోజు నుంచి ఇంకో ఫోను మొదలైంది. జాబితాలో లిఖిత తర్వాతి అభ్యర్థి తండ్రి రోజూ పదకొండింటికి ఆఫీసుకు ఫోను చేసి, “ఇంకా తేలలేదు కదండీ?” అని అడిగేవాడు. తేలలేదంటే, “మీ ఓపిక్కి దణ్ణం పెట్టాలండి” అనేవాడు.

ఇరవై నాలుగో రోజున ‘ఇష్టాల ప్రత్యక్ష పరిశీలన’ జరిగింది. ఐదుగురితో కమిటీ. డి.డి. గారు అధ్యక్షులు. పక్షులున్నాయి కనుక పశువైద్యాధికారి, రాగిజావ ఉంది కనుక వ్యవసాయాధికారి, రఫ్ఫు ఉంది కనుక చేనేత శాఖాధికారి. ఐదో ఆయన తహసీల్దారు ప్రతినిధి, ఆయన ఎందుకొచ్చాడో ఆయనకూ తెలియదు. లిఖిత వాళ్లకెదురుగా ఒంటరి కుర్చీలో కూర్చుంది. మూడేళ్లుగా ప్రకటించిన ఇష్టాల్లో ఏదో ఒకదాన్ని కమిటీ సమక్షంలో ఇష్టపడి చూపించాలి.

ఆమె ఫోను బల్ల మీద పెట్టి పక్షుల పేజీ తెరిచింది. ఏదో దూరదేశపు అడవిలో తెల్లవారుతోంది. ముందు ఒక పిట్ట సన్నగా, తర్వాత రెండు, తర్వాత చెట్టంతా మేల్కొన్నట్టు. మా మీటింగు హాల్లో నలభై ఏళ్లుగా ఫ్యాను చప్పుడు, దగ్గులు, ‘ఎస్సర్’లు తప్ప ఏ ధ్వనీ పుట్టలేదు. డి.డి. గారి తల కొంచెం పక్కకు వాలింది. అది నేను చూశాను. ఆయన వెంటనే సర్దుకున్నారు.

“పక్షి ఆరోగ్యంగా ఉన్నదని శబ్దం మాత్రంతో నేను ధ్రువీకరించలేను” అన్నాడు పశువైద్యాధికారి.

“అమ్మాయ్, వింటున్నంతసేపూ నీ ముఖంలో ఇష్టం కనబడలేదు. కారణం?” అన్నారు డి.డి. గారు.

“భయమేసిందండి” అంది లిఖిత.

“భయానికి దరఖాస్తులో గడి లేదు.”

ఫలితం: ‘ఇష్టము పాక్షికముగా నిరూపితము. తదుపరి పరిశీలన అవసరము.’ దానితో పాటు యథాతథ స్థితి ఉత్తర్వు ఒకటి. విచారణ ముగిసే వరకు అభ్యర్థి కొత్తగా దేనినీ ఇష్టపడరాదు. పాతవాటిలో దేనినీ విడువరాదు. మూడేళ్లలో ప్రకటించిన ఇష్టాలన్నీ ఏకకాలంలో అమలులో ఉండవలెను.

ఆ ఉత్తర్వు అమలు ఎలా జరుగుతోందో రెండు రోజుల తర్వాత వీరవేణి గారు మా ఆఫీసుకు వచ్చి చెప్పింది. కౌంటరు దగ్గర నిలబడి కళ్లు తుడుచుకుంటూనే చెప్పింది.

“పొద్దున్నే కాఫీ కలిపిమ్మంటందండి. ఎదురుగా పెట్టుకుని కూర్చుంటందండి. తాగితే పాత కాయితం ఒప్పుకోదంట, తాగకపోతే కొత్త కాయితం ఒప్పుకోదంట. చల్లారిపోయాక నేను తాగుతన్నానండి. పిల్ల చిక్కిపోయిందండి. చదువుకున్నదాన్ని ఇలా చేసేరేంటండీ మీరు?”

సంజాయిషీలు అడగటం వచ్చుగానీ చెప్పుకోవడం మాకు అలవాటు లేదు. ఆవిడను బెంచీ మీద కూర్చోబెట్టి మంచినీళ్లిచ్చాను. ఆ రాత్రి కాదు గానీ, మర్నాడు పొద్దున్నే ఆఫీసుకెళ్లి జీవోను మొదటి నుంచి చివరిదాకా ఒక్కో మాటా చదివాను. ముప్ఫై మూడేళ్ల సర్వీసులో ఒక జీవోను పూర్తిగా చదవడం అదే మొదటిసారి.

ఆరో పేరాలో దొరికింది. ‘ప్రకటించిన ఇష్టములపై మాత్రమే విచారణ జరుపవలెను.’

ప్రకటించనివాటి మీద విచారణ లేదు. ఏమీ ప్రకటించకపోతే అసలు విచారణే లేదు! మా లోకంలో ‘నిల్’ రిపోర్టుకు ఉన్న మర్యాద మరే కాగితానికీ లేదు. నిల్ అని రాసిన కాగితాన్ని ఏ అధికారీ వెనక్కి తిప్పి పంపడు, దానిలో పట్టుకోవడానికి ఏమీ ఉండదు కాబట్టి. ఇంత తేలిక దారి ఉందని గ్రహించినందుకు నా తెలివికి నేనే మురిసిపోయాను.

ఇరవై తొమ్మిదో రోజున లిఖితను పిలిపించి చెప్పాను. పాత దరఖాస్తు ఉపసంహరించుకుని, తొమ్మిదో గడిలో ‘లేవు’ అని రాసి కొత్తది ఇవ్వాలి. అయితే ఆ ఇంటర్నెట్ పేజీ అలాగే ఉంటే అది తప్పుడు ప్రకటన కిందికి వస్తుంది. కాబట్టి అది ఉండకూడదు.

“మొత్తం తీసెయ్యాలాండీ?”

“మొత్తమేనమ్మా.”

“ప్రతి ఆదివారం నూట ముప్ఫై మంది చదువుతారండి.”

“వాళ్లంతా కలిసి నీకు ఉద్యోగమివ్వలేరు” అన్నాను. అది నిజమే కదా.

ఆమె వరండాలో బెంచీ మీద ఫోను పట్టుకుని చాలాసేపు కూర్చుంది. చదువుకుంటోందో, చెరిపేస్తోందో నేను వెళ్లి చూడలేదు. మధ్యాహ్నం మూడింటికి లోపలికి వచ్చి, కొత్త దరఖాస్తు నా బల్ల మీద పెట్టింది. తొమ్మిదో గడిలో ‘లేవు’. పదో గడిలో ‘అన్నీ’. పదకొండో గడిలో కారణం ఖాళీగా వదిలేసింది. ఆ గడి నేనే నింపాను, ‘వర్తించదు’ అని.

పది నిమిషాల్లో సంతకం అయిపోయింది. డి.డి. గారు కాగితాన్ని దూరంగా పెట్టి, దగ్గరగా పెట్టి చూసి మెచ్చుకున్నారు.

“ఇదీ అభ్యర్థి అంటే! ఎటువంటి వైరుధ్యమూ లేదు, చంచలత్వమూ లేదు. ప్రభుత్వ సేవకు ఇంతకంటే నిష్కళంకమైన మనస్సు దొరకదు.”

ధ్రువపత్రంలో ఇలా ఉంది: ‘ఈమెకు ఎట్టి ఇష్టములు లేవనియు, సేవాకాలమంతటను ఉండబోవనియు ఇందుమూలముగా ధ్రువీకరించడమైనది.’ గడువుకు ఒక రోజు ముందే కుడుపూడి లిఖిత ఉద్యోగంలో చేరింది. నెల తర్వాత డి.డి. గారికి ఉత్తమ అధికారి ప్రశంసాపత్రం వచ్చింది. మా పద్ధతి రాష్ట్రమంతటా పాకింది. ఇప్పుడు ప్రభుత్వంలో కొత్తగా చేరేవాళ్లలో ఇష్టమున్నవాడు ఒక్కడూ లేడు. నిలకడ నూటికి నూరుపాళ్లు.

ధ్రువపత్రం సేవాకాలమంతటికీ వర్తిస్తుంది కాబట్టి, రాంపండు మూడు నెలలకోసారి ఆమె దగ్గరకు వెళ్లి, దేన్నైనా ఇష్టపడుతోందేమో చూసి వస్తాడు. ఇంతవరకు ఫిర్యాదు లేదని రిపోర్టు.

మొన్న ఒక సెలవు రోజున గ్రంథాలయానికి వెళ్లాను. ఆ కట్టలు రికార్డు గదిలో పెట్టి తాళం వేసేశాక నాకు చదవడానికి ఏమీ లేకుండా పోయింది. హాలు శుభ్రంగా ఉంది. బీరువాల అద్దాలు తుడిచి ఉన్నాయి. లిఖిత కౌంటరు వెనక ఇస్త్రీ చీరలో నిటారుగా కూర్చుని ఉంది. నన్ను చూసి లేచి నిలబడి నమస్కారం పెట్టింది.

“నాకు పుస్తకాల సంగతి తెలియదమ్మా. ఏదైనా మంచిది చూసి ఇయ్యి. నీకు నచ్చింది” అన్నాను.

“నాకు నచ్చినవి ఏవీ లేవండి” అంది. గొంతులో కోపం లేదు, వెటకారం లేదు. వాటి కోసం ఆ ముఖమంతా వెతికాను.

“అలా కాదమ్మా, మనలో మాట...”

“ఏది బాగుందో చెబితే ఇష్టపడినట్టు అవుద్దండి. అందుకని నంబరు వరసలో ఇస్తన్నానండి. మీ ముందాయన నాలుగు వందల ఎనిమిది పట్టికెళ్లారు. మీది నాలుగు వందల తొమ్మిది.”

లోపలికి వెళ్లి తెచ్చి నా ముందు పెట్టింది. ‘కోళ్లకు వచ్చు తెగుళ్లు, నివారణోపాయములు’. నేను కోళ్లు పెంచనని చెప్పబోయాను. ఆమె అప్పటికే రిజిస్టరు నా వైపు తిప్పి, సంతకం ఎక్కడ పెట్టాలో వేలితో చూపిస్తోంది.

సంతకం పెట్టాను. నాకు వచ్చినదల్లా అదే.